పెద్ద పేజీల కథ: తిరుత్తణి గీత నుంచి లినక్స్ కెర్నల్ దాకా



ఈసారి రాసేది కంప్యూటర్ గురించి. గుడి, చెరువు, శాసనం అని ఎదురుచూసినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. మన సంఘంలో చాలా ఇళ్ళ పిల్లలు మద్రాసులోనో బెంగుళూరులోనో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నారు. ఏం పని నాయనా అంటే "ఆఫీసు పని" అంటారు. మనం సరే అంటాం. మాట అక్కడితో ఆగిపోతుంది. కానీ వాళ్ళు చేసే పనంతటికీ అడుగున ఒక లెక్కల పుస్తకం ఉంది. దాని చరిత్ర అరవై ఏళ్ళది. కరణాల లెక్కలు చూసిన మన పెద్దలకు అది పిల్లలకంటే ముందే అర్థమవుతుందని నా నమ్మకం.

కరణం దగ్గరికి వెళ్ళి సర్వే నంబరు చెప్తే ఏం చేసేవారు? అడంగల్ తీసి ఆ నేల ఎవరి పేరున ఉంది, ఎంత, ఏం పండుతోంది అని చెప్పేవారు. కంప్యూటర్‌లో ఆ కరణం పేరు కెర్నల్. అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిగుండె. మనం నడిపే ప్రతి ప్రోగ్రామూ తనకు ఒకటి నుంచి లక్ష దాకా వరుసగా నేల ఉందనుకుంటుంది. నిజానికి దాని నేల మెమరీలో అక్కడో ముక్క, ఇక్కడో ముక్క. ఏ నంబరు ముక్క నిజంగా ఎక్కడుందో కెర్నల్ ఒక పట్టికలో రాసిపెడుతుంది. దాన్ని పేజ్ టేబుల్ అంటారు. ఒక్కో ముక్క ఒక పేజీ. మామూలు కొలత 4 కిలోబైట్లు. ప్రతి వరుసలో అసలు చోటు ఏది, చదవొచ్చా, రాయొచ్చా, ఈమధ్య ఎవరైనా తొక్కారా, ఏమైనా మార్చారా అని గుర్తులుంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్క గిగాబైటు మెమరీకి 4 కిలోబైట్ల చొప్పున 2,62,144 వరుసలు. వరుసకు 8 బైట్లు. ఆ ఒక్క గిగాబైటుకు పట్టికే 2 మెగాబైట్లు తింటుంది. అంత పెద్ద పుస్తకాన్ని ఒకే చోట కుట్టలేరు. కాబట్టి మన ఇళ్ళల్లో ఉండే 64 బిట్ల కంప్యూటర్లలో నాలుగు మెట్లుగా పెట్టారు. జిల్లా పుస్తకం చూస్తే తాలూకా పుస్తకం ఎక్కడుందో తెలుస్తుంది. తాలూకాలో ఫిర్కా, ఫిర్కాలో ఊరు. ఒక్కో పుస్తకంలో 512 వరుసలు. ఒక మాట వెతకాలంటే నాలుగు పుస్తకాలు తిప్పాలి. ప్రతిసారీ అలా తిప్పితే పని జరగదు గనుక ప్రాసెసర్ తన దగ్గర ఒక చిన్న చీటీ పెట్టుకుంటుంది. ఈమధ్య వెతికిన వరుసలు అందులో ఉంటాయి. పిల్లలు దాన్ని టిఎల్‌బి అంటారు. చీటీలో 64 వరుసలుంటే, 4 కిలోబైట్ల పేజీలతో అది చూపించగలిగేది 256 కిలోబైట్లే. అదే ఒక్కో వరుసకు 2 మెగాబైట్లయితే 128 మెగాబైట్లు. ఫిర్కా పుస్తకంలోనే "ఈ ఫిర్కా మొత్తం ఒకే చోట ఉంది, ఊరి పుస్తకం తెరవక్కర్లేదు" అని రాసేస్తే చాలు. అదే పెద్ద పేజీ. ఇంగ్లీషువాళ్ళ మాటలో హ్యూజ్ పేజ్.

మరి అన్నీ పెద్దవే పెట్టుకుంటే పోదా? ఇక్కడే మన తిరుత్తణి కథ గుర్తుకొస్తుంది.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లా అటు వెళ్ళింది. 1911లో జిల్లా కట్టినప్పటి నుంచీ తిరుత్తణి చిత్తూరు లెక్కలోనే ఉంది కాబట్టి అదీ వెంట వెళ్ళింది. ఒక్క వరుస మారిస్తే పని అయిపోయింది. తర్వాత గొడవ మొదలైంది. తమిళం మాట్లాడే ఊళ్ళు ఇన్ని ఉండగా ఆంధ్రలో ఎలా ఉంటాయని మా.పొ.సి. లాంటివాళ్ళు పోరాడారు. ఇటు తెలుగు ఊళ్ళవాళ్ళకు వాళ్ళ బాధ వాళ్ళది. చివరికి హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిగా వచ్చి, జిల్లా కాదు, తాలూకా కాదు, గ్రామాన్ని కొలతగా పెట్టుకుని గీత గీశారు. 1959లో చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వెళ్ళాయి. పెద్ద వరుసను చింపి ఊరికొక వరుస రాసుకోవాల్సి వచ్చింది. ఆ గీత కూడా గ్రామం దగ్గరే ఆగింది. గ్రామం లోపల గీత లేదు. తమిళ ఊళ్ళో ఒక తెలుగు వీధి ఉంటే ఆ వీధి ఊరితోపాటే వచ్చింది. మన సంఘంలో ఆ వీధుల్లో పుట్టినవాళ్ళు ఉన్నారు, నేను ఇంకా చెప్పక్కర్లేదు.

కెర్నల్‌లోనూ అచ్చంగా అంతే. చదవొచ్చు, రాయకూడదు అనే హక్కు పేజీ మొత్తానికి ఒక్కటే. లోపల గీత గీయడం కుదరదు. పేజీ ఎంత పెద్దదైతే లెక్క అంత సులువు. కానీ అందులో ఒక మూల ఉన్నవాడికి వేరే హక్కు కావాలంటే మొత్తాన్ని చింపాలి. పెద్ద పేజీల చరిత్ర అంటే కలపడం చరిత్ర అని చాలామంది రాస్తారు. నా చదువులో తేలింది వేరు. కలపడం సులువే, కెర్నల్ రాసేవాళ్ళు ఏళ్ళ తరబడి అవస్థ పడింది చింపడం దగ్గర.

మొదటి నుంచి వస్తాను. పేజీ అనే ఆలోచన ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టింది. టామ్ కిల్‌బర్న్ బృందం కట్టిన అట్లాస్ యంత్రం 1962 డిసెంబర్‌లో మొదలైంది. దాని లోపలి మెమరీ 16 వేల పైచిలుకు పదాలు. పేజీకి 512 పదాలు. అంటే పేజీలు 32. ఒక్కో పేజీకి యంత్రంలోనే ఒక్కో గుర్తు పెట్టారు. పుస్తకమూ చీటీ ఒకటే అన్నమాట! అలాంటి రోజులు మళ్ళీ రాలేదు. ఆ తర్వాత అమెరికాలో మల్టిక్స్ అనే పెద్ద ప్రయత్నం జరిగింది. దాని యంత్రంలో 64 పదాలది, 1024 పదాలది అని రెండు కొలతల పేజీలు ఉండేవి. చిన్నదాన్ని కొన్నాళ్ళకు వదిలేశారు. రెండు కొలతలు ఒకే ఇంట్లో ఇమడవు అనే మాట అప్పటిదే.

1977లో వ్యాక్స్ యంత్రం 512 బైట్ల పేజీలతో వచ్చింది. మెమరీ బంగారంలా ఉన్న రోజులు, చిన్న ముక్కలే మేలు. 1985లో ఇంటెల్ 386 వచ్చి 4 కిలోబైట్లు అంది. ఆ కొలత స్థిరపడిపోయింది. మెమరీ మాత్రం మెగాబైట్ల నుంచి గిగాబైట్లకు పోయింది. చీటీ అంత వేగంగా పెరగదు, ఎందుకంటే అది ఎంత చిన్నదైతే అంత చురుకు. 1993లో ఇంటెల్ పెంటియమ్‌లో 4 మెగాబైట్ల పేజీ పెట్టింది. తమాషా ఏమిటంటే దాన్ని ఎలా వాడాలో అందరికీ ఇచ్చిన పుస్తకంలో రాయలేదు. వివరాలు 'అపెండిక్స్ హెచ్'లో ఉన్నాయి, కావాలంటే రహస్యం కాపాడతామని సంతకం పెట్టి తీసుకోవాలి. పట్టా ఇచ్చి కొలతలు దాచిపెట్టినట్టు. తర్వాత కొలత 2 మెగాబైట్లకు మారింది. 2003లో ఎఎమ్‌డి 64 బిట్ల ప్రాసెసర్ తెచ్చినప్పుడూ అదే నిలిచింది. 1 గిగాబైటు పేజీ కూడా కొన్నేళ్ళకే వచ్చింది.

యంత్రం ఇచ్చింది సరే, కెర్నల్ దాన్ని ఎలా వాడాలి? ఈ ప్రశ్న మీద తొలి గట్టి పరిశోధనల్లో కనిపించే పేరు మధుసూదన్ తాళ్ళూరి. ఇంటిపేరు చూస్తే మనకు కొత్త కాదు. ఆయన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్క్ హిల్ దగ్గర చదివారు. 1992లో వీళ్ళు మరో ఇద్దరితో కలిసి, 4 కిలోబైట్లతోపాటు 32 కిలోబైట్ల పేజీ కూడా పెట్టుకుంటే లాభమెంత, వృథా ఎంత అని కొలిచారు. 1994లో తాళ్ళూరి, హిల్ ఇద్దరూ ఇంకో దారి చూపించారు. పెద్ద పేజీ కావాలంటే దాని ముక్కలన్నీ నిండుగా, పక్కపక్కనే ఉండాలనే నియమం కెర్నల్‌కు భారం. చీటీలో ఒకే వరుస రాసి, లోపల ఏ ముక్క వచ్చింది, ఏది రాలేదు అని చిన్న చిన్న టిక్కులు పెట్టుకుంటే చాలు కదా అన్నారు. పెద్ద వరుస లోపల చిన్న గుర్తింపు మిగల్చడం. నాకు ఆ ఆలోచన చాలా ఇష్టం. మార్కెట్ మాత్రం చాలా ఏళ్ళు మొండి పెద్ద పేజీ వైపే నడిచింది.

2002లో రైస్ విశ్వవిద్యాలయం వాళ్ళు, నవారో, సీతారామ్ అయ్యర్, డ్రుషెల్, ఆలన్ కాక్స్, ఫ్రీబిఎస్‌డి అనే కెర్నల్‌లో ఒక పద్ధతి పెట్టి చూపించారు. బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టడం మనకు తెలుసు. అదే. ప్రోగ్రాము మొదటి 4 కిలోబైట్లు అడగ్గానే పక్కనున్న పెద్ద చోటంతటికీ తువ్వాలు వేస్తారు. ప్రోగ్రాము ఒక్కో ముక్కా నింపుకుంటూ పోయి అంతా నిండాక దాన్ని పెద్ద పేజీ చేస్తారు. మధ్యలో వేరేవాళ్ళకు చోటు చాలకపోతే తువ్వాలు తీసేస్తారు. న్యాయమైన పద్ధతి. 2009 నాటికి ఫ్రీబిఎస్‌డి విడుదలల్లోకి వచ్చింది.

లినక్స్ ముందు వేరే దారి పట్టింది. మన ఊరి పేరులోనే సత్రం ఉంది కనుక సత్రం లెక్కలోనే చెప్తాను. సత్రంలో పెద్ద హాలు ఒకటి పెళ్ళికని ముందే తాళం వేసి ఉంచారనుకోండి. పెళ్ళివాళ్ళు వస్తే హాయి. రాకపోతే ఖాళీ. బయట వరండాలో యాత్రికులు కాళ్ళు ముడుచుకుని పడుకున్నా తాళం తియ్యరు. 2003 చివర్లో వచ్చిన లినక్స్ 2.6లో ఉన్న హ్యూజ్‌టిఎల్‌బి పద్ధతి ఇది. పెద్ద డేటాబేస్‌లు నడిపే కంపెనీలకు బాగా పనికొచ్చింది, ఇప్పటికీ వాడతారు. మామూలు ప్రోగ్రాములకు అందలేదు, ఎందుకంటే ముందే చెప్పుకోవాలి, ప్రత్యేకంగా అడగాలి.

అడగకుండానే ఇవ్వాలని 2011 మార్చిలో లినక్స్ 2.6.38తో ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ వచ్చింది. రాసింది రెడ్‌హ్యాట్‌లో పనిచేసిన ఆండ్రియా ఆర్కాంజెలీ. ఇందులో తాళం లేదు. చోటుంటే నేరుగా 2 మెగాబైట్లు ఇచ్చేస్తారు. లేకపోతే కెహ్యూజ్‌పేజ్‌డి అనే కావలివాడు తీరిగ్గా తిరుగుతూ, చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను ఒక చోటికి చేర్చి ఒకే పెద్ద పేజీగా కడతాడు. అతనికి ఖాళీ చోటు కావాలి కాబట్టి పడుకున్నవాళ్ళను లేపి అటు జరిపే పని వేరే ఉంది. దాన్ని అంతకుముందు ఏడాదే మెల్ గోర్మన్ లినక్స్‌లో పెట్టారు.

బాగుంది కదా అనిపిస్తుంది. బిల్లు తర్వాత వచ్చింది. 4 కిలోబైట్లు చాలినవాడికి 2 మెగాబైట్లు ఇస్తే మిగతాది వృథా. ఇచ్చేముందు పాత రాతలన్నీ చెరిపి సున్నాలు నింపాలి. ఒక్క పేజీ బదులు 512 పేజీల పని ఒకేసారి పడుతుంది. అడిగినవాడు అంతసేపూ నిలబడాలి. రెడిస్ అనే డేటాబేస్‌లో ఇంకో చిక్కు. అది తన నకలు ఒకటి తీసి, ఆ నకలు నెమ్మదిగా డిస్కు మీద రాసుకుంటూ ఉంటే తను పని సాగిస్తుంది. ఇద్దరూ అవే పేజీలను పంచుకుంటారు. ఎవరైనా ఒక బైటు మార్చినప్పుడే ఆ పేజీకి వేరే ప్రతి తయారవుతుంది. పేజీ 4 కిలోబైట్లయితే ఆ ప్రతి క్షణంలో పని. 2 మెగాబైట్లయితే ఒక్క బైటు కోసం మొత్తం నకలు రాయాలి. అందుకే రెడిస్‌వాళ్ళు ఈ సౌకర్యం ఆపేయమని తమ పత్రాల్లోనే రాశారు. మాంగోడీబీవాళ్ళూ చాలా ఏళ్ళు అదే సలహా ఇచ్చారు. మన పిల్లల్లో సర్వర్లు చూసుకునే వాళ్ళు ఇది చదివి నవ్వుకుంటూ ఉంటారు.

ఇక చింపడం. ఒకే పెద్ద పేజీని నలుగురు ప్రోగ్రాములు పంచుకుంటున్నారనుకోండి. ఒకడు తన వాటాలో ఒక మూలను మాత్రం వదిలేశాడు. మొదట్లో లినక్స్‌లో అలా జరిగితే నలుగురి పుస్తకాల్లోనూ పెద్ద వరుస చింపేయాల్సి వచ్చేది. ఒకడి భాగపరిణామానికి నలుగురి పట్టాలూ తిరగరాసినట్టు. కిరిల్ షుటెమోవ్ ఏళ్ళు పట్టి ఆ లెక్క మార్చారు. 2016 మార్చిలో లినక్స్ 4.5తో, నేల ఒకే ముక్కగా ఉండగానే ఒకడి పుస్తకంలో పెద్ద వరుసగా, ఇంకొకడి పుస్తకంలో 512 చిన్న వరుసలుగా ఉండడం కుదిరింది. బయటివాళ్ళకు కనపడని మార్పు ఇది. నా లెక్కలో ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే పెద్ద అడుగు.

రెండు కొలతలు పక్కపక్కన ఉంటే తప్పులు ఎక్కడ దూరతాయో కూడా తెలిసొచ్చింది. 2016 అక్టోబర్‌లో డర్టీ కౌ అనే లోపం బయటపడింది. చదవడానికి మాత్రమే హక్కున్న ఫైలులో మామూలు వాడుకరి రాసేయగలిగేవాడు. సవరణ వెంటనే వచ్చింది. ఆ సవరణ 'మార్చారు' అనే గుర్తును నమ్ముకుంది. ఆ గుర్తు ఉంటే సొంత ప్రతి తయారైందని అర్థం, రాయనివ్వొచ్చు అని. చిన్న వరుసలకు అది సరిపోయింది. పెద్ద వరుసల దగ్గర వేరే కోడ్ ఉంది, అది ఎవరూ రాయకపోయినా ఆ గుర్తు పెట్టేస్తుంది. 2017 నవంబర్ చివర్లో బిండెసీ అనే సంస్థవాళ్ళు చెప్పేదాకా, ఏడాదికి పైగా ఎవరూ చూడలేదు. అడంగల్‌లో దిద్దారు, చిట్టాలో దిద్దలేదు. మన రెవెన్యూ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు ఇది కొత్త కథ కాదు.

2019 నవంబర్‌లో ఇంకోటి. ఈసారి తప్పు ఇంటెల్ ప్రాసెసర్లలోనే. కోడ్ ఉన్న పెద్ద పేజీని చిన్నవిగా మార్చేటప్పుడు చీటీలో పాత పెద్ద వరుస, కొత్త చిన్న వరుస రెండూ ఉండిపోతే యంత్రం మొత్తం కొయ్యబారిపోయేది. ఒకే సర్వర్ మీద పది కంపెనీల పని అద్దెకు నడిచే రోజులివి. అద్దెకున్నవాడు ఒకడు కావాలని అలా చేస్తే మిగతావాళ్ళందరూ ఆగిపోతారు. అద్దె యంత్రాలను నడిపే కెవిఎమ్ దీనికి వేసిన మందు ఏమిటో తెలుసా? పెద్ద పేజీల్లో ఉన్న కోడ్‌ను నడపనివ్వదు. నడపాలంటే ముందు ఆ పేజీని 4 కిలోబైట్ల ముక్కలు చేస్తుంది. మళ్ళీ చింపడమే.

మన పక్కనే బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రొఫెసర్ కె. గోపీనాథ్ బృందం దీని మీద చేసిన పని చెప్పుకోకుండా ఉండలేను. సత్రంలో ఎవరిని లేపినా లేస్తారు కానీ వంటవాడు, కావలివాడు లేవరు. ఎక్కడపడితే అక్కడ వాళ్ళు పడుకుంటే పెద్ద చోటు ఎప్పటికీ దొరకదు. కెర్నల్ తన కోసం వాడుకునే పేజీలు అలాంటివే, జరపడం కుదరదు. 2018లో ఆశిష్ పన్వర్, అరవింద ప్రసాద్, గోపీనాథ్ రాసిన పత్రం ఈ కదలని పేజీలు కదిలేవాటితో కలిసిపోకుండా చూడాలని చూపించింది. మరుసటి ఏడు పన్వర్, ఐఐటి ఢిల్లీలోని సోరవ్ బన్సాల్, గోపీనాథ్ కలిసి హాక్‌ఐ అనే పద్ధతి తెచ్చారు. లినక్స్ కావలివాడు ముందొచ్చినవాడికి ముందు, కింది చిరునామా నుంచి పైకి అన్నట్టు పెద్ద పేజీలు పంచుతాడు. హాక్‌ఐ మాత్రం ఎవరు నిజంగా పుస్తకాలు తిప్పి తిప్పి అలసిపోతున్నారో కొలిచి వాళ్ళకు ముందు ఇస్తుంది. ఇచ్చిన పెద్ద పేజీలో ఎవరూ తాకని సున్నాల ముక్కలుంటే వెనక్కి తీసుకుంటుంది. 2021లో అదే సంస్థ నుంచి వెంకట శ్రీ సాయిరామ్, పన్వర్, అర్కప్రవ బసు 1 గిగాబైటు పేజీల మీద ట్రైడెంట్ అనే పత్రం తెచ్చారు.

ఈ గొడవ ఇప్పుడు మన జేబుల్లోకి వచ్చింది. 2024 మార్చిలో వచ్చిన లినక్స్ 6.8లో 4 కిలోబైట్లకు, 2 మెగాబైట్లకు నడిమి కొలతలు, 16, 32, 64 కిలోబైట్లు, అడగకుండానే ఇచ్చే ఏర్పాటు మొదలైంది. ఆర్మ్ కంపెనీలో పనిచేసే రయన్ రాబర్ట్స్ దాన్ని ముందుకు నడిపారు. తాళ్ళూరి 1992లో 32 కిలోబైట్లు కొలిచి చూసిన సంగతి గుర్తుంచుకుంటే, ముప్ఫై ఏళ్ళు తిరిగి అటే వచ్చామన్నమాట. ఆండ్రాయిడ్ 15 ఏకంగా 16 కిలోబైట్ల పేజీతో నడిచే ఫోన్లకు దారి తెరిచింది. ఆపిల్ ఫోన్లు చాలా ఏళ్ళుగా ఆ కొలతలోనే ఉన్నాయి. 2025 నవంబర్ 1 నుంచి, ఆండ్రాయిడ్ 15నో ఆపై వెర్షన్‌నో ఉద్దేశించి గూగుల్ ప్లేకు వచ్చే కొత్త యాప్‌లు, అప్‌డేట్లు 16 కిలోబైట్లకు సరిపడాలని గూగుల్ నియమం పెట్టింది. పేజీ అంటే 4 కిలోబైట్లే అని కోడ్‌లో గుడ్డిగా రాసుకున్నవాళ్ళందరూ తిరగరాసుకోవాలి. కిందటేడు మన పిల్లలు కొందరు దీపావళికి ఊరికి రాకపోవడానికి ఇదీ ఒక కారణం అయి ఉండొచ్చు!

గ్రూపులో లినక్స్ వాడే పిల్లలకు ఒక పని. మీ మిషన్‌లో మెమ్‌ఇన్ఫో ఫైలు తెరిచి 'అనాన్ హ్యూజ్ పేజెస్' అనే వరుసలో ఎంత ఉందో కింద రాయండి. సున్నా ఉంటే మీ ఆఫీసులో ఎవరు, ఎందుకు ఆపేశారో కనుక్కుని అది కూడా రాయండి. 1960లో తిరుత్తణి గ్రామ లెక్కలు చిత్తూరు నుంచి ఇటు మారినప్పటి పాత చిట్టాలు, రసీదులు ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఫోటో తీసి పెట్టండి. వచ్చేసారి వాటి గురించి రాస్తాను.